గవర్రాజు సరే అన్నాడు

గవర్రాజు పళ్ళు తోమడానికి ఇరవై ఐదు నిమిషాలు పట్టేది. ముందు బ్రష్షు చూపించాలి. అతని చేతికిచ్చి వాసన చూడనివ్వాలి. తరవాత సత్యవేణి తన పళ్ళు తోముకుంటున్నట్టు నటించాలి. అది చూసి చూసి అతను పైపెదవి కొంచెం ఎత్తేవాడు. అప్పుడు మొదలుపెట్టాలి. తొందరపడితే దవడ బిగించేసి తన మణికట్టు తనే కొరుక్కునేవాడు. ఆ మణికట్టు మీద పాత మచ్చల పక్కన కొత్త మచ్చలుండేవి.

ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి. ఆరడుగుల పొడుగు. మాట రాదు. పుట్టుకతోనే బుద్ధి ఎదగలేదని కాగితాల్లో రాసుంది. పెద్దాపురం దాటాక, జీడిమామిడి తోటల మధ్య 'నీడ' అనే ఇంట్లో అతనిలాంటి వాళ్ళు ఇరవై ముగ్గురుండేవారు. ఒక ట్రస్టు దాన్ని నడిపేది. వంటమనిషి పురిటికి వెళ్తే పదిరోజులు ఆమె బదులు వండిపెట్టడానికి వచ్చింది సత్యవేణి. ఆ పదిరోజులూ పదిహేడేళ్ళయ్యాయి. వంట వదిలి ఆయా అయింది. స్నానాలు, అన్నాలు, మందులు, గోళ్ళు, మూర్ఛలు, ఏడుపులు. ఇప్పుడామెకు నలభై తొమ్మిది. మెట్లెక్కేటప్పుడు మోకాళ్ళు కటకటమనేవి.

గవర్రాజు మనసులో ఏముందో చెప్పాలంటే సత్యవేణే చెప్పాలని ఆ ఇంట్లో అందరూ ఒప్పుకున్న మాట. అందుకే విశాఖపట్నం నుంచి డాక్టర్ శర్వాణి యంత్రం పట్టుకొచ్చినప్పుడు, సూపరింటెండెంటు దైవసహాయం గారు నేరుగా సత్యవేణినే పిలిచారు.

దాని పేరు గొంతుక. మెడకి మెత్తటి పట్టీ, జబ్బకి ఇంకొకటి, ఛాతీ మీద అగ్గిపెట్టంత పెట్టె. మాట రాని వాళ్ళ గొంతులో కూడా మాటకి ముందొచ్చే కదలిక సన్నగా పుడుతుందనీ, దాన్నీ, గుండె వేగాన్నీ, చెమటనీ కలిపి చదివితే ఆ మనిషికేం కావాలో పట్టుకోవచ్చనీ శర్వాణి చెప్పింది.

"కాకపోతే ఈ పట్టీకి కదలిక తెలుస్తుంది గానీ అర్థం తెలియదు సత్యవేణి గారూ. అర్థం మీరు నేర్పాలి" అంటూ ఆమె చేతిలో ఒక టాబ్లెట్టు పెట్టింది. దాని మీద పన్నెండు గళ్ళు. ఆకలి, దాహం, నొప్పి, భయం, ఇష్టం, వద్దు, సరే, ఇంకా అలాంటివి. "అతన్ని ఏదైనా అడిగినప్పుడు, అతను ఏమంటున్నాడని మీకనిపిస్తే ఆ గడి నొక్కండి. అంతే."

"నేను అనుకున్నది తప్పయితే మేడమ్?"

"పదిహేడేళ్ళు చూసిన మనిషి మీరు. మీకన్నా ఎవరికి తెలుస్తుంది?"

ఆ మాట సత్యవేణికి తీపిగా తగిలింది. అంతవరకూ ఎవరూ ఆమెతో అలా అనలేదు.

ఎనిమిది నెలలు నొక్కింది. పొద్దున్నపూట ఆపేక్షగా, అతని మొహంలోకి చూస్తూ నొక్కేది. మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి నడుం లాగేసేది. ఆ ఇంట్లోనే ఉండే మంగతాయారు టీవీ పెట్టమని వెంటపడేది, ఎవరో పక్క తడిపేవారు, ఇంకెవరో గోడకేసి తల కొట్టుకునేవారు. ఆ మధ్యలో గవర్రాజుని, "రాజూ, చొక్కా మారుద్దామా?" అని అడిగి, అతను కదలకుండా కూచుంటే, కాదనలేదు కదా అని 'సరే' నొక్కి చొక్కా మార్చేసేది. టాబ్లెట్టుకి కూడా 'సరే' గడి దగ్గర వేలిముద్రల జిడ్డు పట్టింది. అప్పట్లో దాన్ని ఆమె పట్టించుకోలేదు. ఎవరు మాత్రం పట్టించుకుంటారు?

తొమ్మిదో నెలలో ఒక ఉదయం, హాల్లో అందరి మధ్యా, గవర్రాజు ఛాతీ మీద పెట్టె "ఆకలి" అంది. మగగొంతు, మర్యాదగా, కొంచెం బొంగురుగా. సత్యవేణి ఇడ్లీ పెట్టింది. తిన్నాడు. పెట్టె "ఇష్టం" అంది. దైవసహాయం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. సత్యవేణి కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి వెళ్ళిపోయి, పొయ్యి దగ్గర నిలబడి తనివితీరా ఏడ్చింది. కొడుకు మొదటిసారి అమ్మా అన్నప్పుడు కూడా అంతగా ఏడవలేదు.

ఏడాది తిరిగేసరికి మాట రాని పద్నాలుగు మందికీ పట్టీలొచ్చాయి. వాళ్ళకేం కావాలో వాళ్ళే చెప్పుకుంటున్నారు కనక ఇంతమంది ఆయాలెందుకని ట్రస్టు వాళ్ళు లెక్క వేశారు. తొమ్మిదిమందిలో నలుగుర్ని మానిపించారు. మిగిలిన ఐదుగురూ ఎవరు ఎప్పుడు పిలుస్తారా అని చెవులు రిక్కించుకుని పరిగెత్తేవారు. పెట్టె "దాహం" అంటే నీళ్ళు, "నొప్పి" అంటే మాత్ర. మొహాలు చూసే తీరిక ఎవరికీ లేదు. గవర్రాజు పళ్ళకి పట్టే ఇరవై ఐదు నిమిషాలూ పదయ్యాయి, ఐదయ్యాయి. ఒకరోజు సత్యవేణి బ్రష్షు పట్టుకుని, "తరవాత తోముకుందామా రాజూ?" అని అడిగింది. "సరే" అంది పెట్టె. ఆమె ప్రాణం లేచొచ్చింది. ఆ తరవాత చాలా రోజులు అదే ప్రశ్న, అదే జవాబు.

అయిదు నెలలకి గవర్రాజు ఎడమ దవడ వాచింది.

కాకినాడలో పళ్ళ డాక్టరు నెమ్మదస్తుడు. గవర్రాజు నోరు తెరిపించడానికి నలుగురు పట్టుకోవాల్సొచ్చినా విసుక్కోలేదు. రెండు దంతాలకి చీము పట్టిందన్నాడు. మిగతావీ పుచ్చుతున్నాయన్నాడు.

"ఇతను తోమనివ్వడు, కుర్చీలో కూచోడు. ప్రతిసారీ మత్తు ఇవ్వడం మంచిది కాదు. ఒక్కసారే మత్తిచ్చి పళ్ళన్నీ తీసేస్తే ఇంక నొప్పి అనేది ఉండదు. మెత్తటి అన్నం పెట్టుకోవచ్చు. కొరుక్కోవడం కూడా ఆగుతుంది" అని దైవసహాయం గారికేసి చూశాడు.

దైవసహాయం గారు చెడ్డవారేం కాదు. ఇరవై ముగ్గురి జ్వరాలూ తన నెత్తినే వేసుకున్న మనిషి. "మనం నిర్ణయించెయ్యడం కాదు డాక్టరు గారూ, ఇప్పుడతనికి గొంతుంది. అతన్నే అడుగుదాం" అన్నారు. ఆయన గొంతులో గర్వం ఉంది.

డాక్టరు వంగి, నిదానంగా అడిగాడు. "గవర్రాజు గారూ, మీ పళ్ళన్నీ తీసేస్తాం. నొప్పి ఉండదు. తీసెయ్యమంటారా?"

గవర్రాజు కిటికీకేసి చూస్తూ కూచున్నాడు. కదల్లేదు.

"సరే" అంది పెట్టె.

డాక్టరు ఆశ్చర్యపోయి, అలా రాసుకున్నాడు. నాలుగు రోజుల తరవాత ఆపరేషను. మొదట సత్యవేణికి కలిగింది ఊరట. ఇంక బ్రష్షు గొడవ ఉండదు. ఆ ఊరటే తరవాత ఆమెను ఎక్కువగా బాధపెట్టింది.

ఆ సాయంత్రం వరండాలో బీరకాయలు చెక్కు తీస్తుంటే మంగతాయారు వచ్చి పక్కన చతికిలబడింది. యాభై నాలుగేళ్ళ మనిషి. పొట్టిగా, బొద్దుగా, చిన్న కళ్ళతో ఉంటుంది. అందరికన్నా ముందు ఈ ఇంటికొచ్చింది. అంకెలు రావు, గడియారం చూడలేదు, కానీ ఎవరు ఎప్పుడు ఏమన్నారో చచ్చినా మరిచిపోదు. మాటలు బాగా వచ్చు గనక ఆమెకి పట్టీ పెట్టలేదు.

"ఆడి పళ్ళు పీకేత్తారంట?"

"అవునండీ తాయారమ్మ గారూ."

"ఎవరు చెప్పారు?"

"ఆడే సరే అన్నాడు కదండీ."

మంగతాయారు నవ్వింది. "ఆడెక్కడన్నాడు? నువ్వన్నావు."

"నేనెక్కడన్నానండీ? పెట్టి అంది. నేను నోరే ఇప్పలేదు."

"పెట్టి నీలాగే అంటాది సత్యవేణీ. నేను టీవీ పెట్టమంటే నువ్వు సరే అంటావు. పెట్టవు. దువ్వెన ఇమ్మంటే సరే అంటావు. ఇవ్వవు. సాయంత్రం అయితే సాలు, అందరికీ సరే, సరే, సరే." ఆమె బీరకాయ తొక్క ఒకటి తీసుకుని నలిపి వాసన చూసింది. "గవర్రాజు సరే అనడు. ఆడికి సరే రాదు. ఆడికి నచ్చితే ఊగుతాడు. నచ్చకపోతే రాయిలాగ కూచుంటాడు. నీకు తెల్దా?"

సత్యవేణి కత్తి కింద పెట్టింది.

లేచి, గవర్రాజు గదిలోకి వెళ్ళింది. అతను మంచం అంచున కూచుని ఉన్నాడు. వాచిన బుగ్గ మీద చెయ్యి ఉంది. ఆమె నేల మీద, అతనికెదురుగా కూచుంది.

"రాజూ, ఈ పూట అన్నం మానేద్దామా?"

అతను బిగుసుకుని ఆమెకేసే చూశాడు. "సరే" అంది పెట్టె.

"నిన్ను బయట రోడ్డు మీద వదిలేసొచ్చేత్తాను. ఉంటావా?"

రాయిలాగ కూచున్నాడు. ముక్కుపుటాలు మాత్రం అదురుతున్నాయి. "సరే" అంది పెట్టె, అదే మర్యాదతో.

"నేనింక రాను. చచ్చిపోతాను. సరేనా?"

"సరే."

సత్యవేణి అతని మెడ పట్టీ ఊడదీసింది.

మర్నాడు పొద్దున్న సామర్లకోటలో రైలెక్కి విశాఖపట్నం వెళ్ళింది. ఎనిమిది నెలలూ ఫోన్లోనే మాట్లాడిన శర్వాణి ప్రయోగశాల ఎలా ఉంటుందో ఆమె ఎప్పుడూ చూడలేదు. కొండవాలు మీద మేడ. లోపల చలి. బల్లల మీద రబ్బరుతో చేసిన మెడలు వరసగా ఉన్నాయి, వాటికి పట్టీలున్నాయి.

శర్వాణి కాఫీ తెప్పించింది. సత్యవేణి ముట్టుకోలేదు. జరిగింది చెప్పింది. తను పొద్దున్న ఎలా నొక్కిందీ, సాయంత్రం ఎలా నొక్కిందీ ఏదీ దాచలేదు. "ఓపిక లేక నొక్కానండీ. కదలకపోతే సరే అనుకున్నాను. ఆడు కదలకపోవడమే ఒద్దనడం అంట. తాయారమ్మ గారు చెప్పేదాకా నాకు తట్టలేదు. పదిహేడేళ్ళు చూశానని చెప్పుకు తిరిగాను."

శర్వాణి కంప్యూటరు ముందుకు జరిగింది. సత్యవేణి నొక్కిన పాత గుర్తులన్నీ బయటికి తీసి, గంటల వారీగా పేర్చింది. తెరమీద 'సరే'ల గీత పొద్దున్న నేలబారుగా మొదలై, మధ్యాహ్నం నుంచి పైకి లేచి, సాయంత్రానికి కొండలా నిలబడింది.

"పొద్దున్న ఏడింటికి మీరు నొక్కినవాటిలో నూటికి పదకొండు సరేలు. సాయంత్రం నాలుగు దాటాక నూటికి డెబ్భై" అంది. "ఈ గీత నేను అప్పుడే చూశాను. సాయంత్రం గుర్తులు ఎంత స్పష్టంగా ఉన్నాయో అని మురిసిపోయాను. ఎందుకలా ఉన్నాయని మిమ్మల్ని ఒక్క ఫోను చేసి అడగలేదు. యంత్రం సరే అంటుంటే అందరూ సంతోషించేవారు. నాకూ అదే కావాలనిపించింది."

"ఇప్పుడు తీసెయ్యొచ్చు కదండీ. మా రాజు పెట్టిలోంచి ఆ మాట తీసెయ్యండి."

శర్వాణి నుదురు రుద్దుకుంది. "ఒక్క గవర్రాజు పెట్టెలో కాదు సత్యవేణి గారూ. మీరు నేర్పిందే మూలపాఠం. ఇలాంటి వేరే ఇళ్ళకీ పట్టీలిచ్చాం. అక్కడ ఒక్కో మనిషికీ కొద్దికొద్దిగా మార్చాం గానీ, అడుగున ఉన్నది మీ పాఠమే."

"ఎన్ని ఇళ్ళండీ?"

"రెండొందల పన్నెండు."

సత్యవేణి లెక్క వెయ్యబోయి మానేసింది. పద్నాలుగేసి మందయినా, పదేసి మందయినా, ఎంతో దూరాన ఉన్న ఊళ్ళలో, తను మొహం కూడా చూడని మనుషుల ఛాతీల మీద, ఈ క్షణాన తన అలసట సరే అంటోంది.

"ఆ సరే అన్న మాటతో... ఇప్పటిదాకా ఏమన్నా జరిగాయాండీ?"

శర్వాణి ఒక జాబితా తెరిచి, చదవకుండా చూసింది. "ఎక్కువ చిన్నవే. జుట్టు కత్తిరించడాలు, గదులు మార్చడాలు. ఇద్దర్ని వేరే ఊరు పంపించారు. ఒకమ్మాయికి..." ఆగింది. "ఇరవై ఆరేళ్ళు. ప్రతినెలా శుభ్రం చెయ్యడం కష్టంగా ఉందని, ఆమెను అడిగి, గర్భసంచి తీయించారు."

"అడిగి."

"అడిగి."

సత్యవేణి కుర్చీలోంచి జారి కింద కూచుంది. ఏడుపు రాలేదు. రబ్బరు మెడలకేసి చూస్తూ ఉండిపోయింది. శర్వాణి కూడా వచ్చి ఆమె పక్కన నేలమీదే కూచుంది. కాఫీలు చల్లారిపోయాయి.

"ఆ పిల్ల పేరేంటండీ?"

"అది చెప్పకూడదు."

"ఒద్దులెండి. తెలిస్తే మాత్రం ఏం చేత్తాను?" అంది సత్యవేణి. "తీసెయ్యండి మేడమ్. అందరి పెట్టిల్లోంచీ."

"తీసేస్తే సగం పెట్టెలు మూగబోతాయి. ఇవాళ సాయంత్రానికి రెండొందల ఇళ్ళ నుంచి ఫోన్లొస్తాయి. నన్ను ఇక్కడ ఉండనివ్వరు."

"మూగబోనివ్వండి. ముందునించీ వాళ్ళకి మాట లేదు. లేనప్పుడు కనీసం మొహాలు చూసేవాళ్ళం. ఇప్పుడు పెట్టి మాటాడుతోందని ఎవరూ చూడట్లేదండీ. నేను కూడా చూడట్లేదు."

శర్వాణి మధ్యాహ్నం పన్నెండున్నరకి ఆ మాట తీసేసింది. ఎవరినీ అడగలేదు. తరవాత, ఇలా ఎందుకు చేసిందో రెండు పేజీలు రాసి, తన తప్పే ముందు పెట్టి, పైవాళ్ళకీ, అన్ని ఇళ్ళకీ పంపింది. ఆ అమ్మాయి ఉన్న ఇంటికి స్వయంగా ఫోను చేసి, ఆమె కన్నవాళ్ళతో మాట్లాడాలంది. మూడువారాల్లో శర్వాణిని ఉద్యోగంలోంచి తప్పించారని సత్యవేణికి తెలిసింది. ఆ మాట మళ్ళీ పెట్టాలని పైవాళ్ళు చూశారు గానీ, అప్పటికి ఆ పేజీలు చాలామంది చదివేశారు. పెట్టలేకపోయారు.

'నీడ'లో దైవసహాయం గారు సత్యవేణిని కేకలేశారు. ఆయన్ని ఆమె అలా ఎప్పుడూ చూడలేదు. "నీకు ఓపిక లేకపోతే నాతో చెప్పాల్సింది. మేమందరం ఆ మాట నమ్మాం!" అన్నారు. ఆమె తలొంచుకుని నిలబడింది. చెబితే ఏం చేసేవారని అడగలేదు. తరవాత ఆయనే కూచుండిపోయి, "చెబితే మాత్రం నేనేం చేసేవాణ్ణిలే" అన్నారు. మానిపించిన నలుగుర్నీ తిరిగి పెట్టమని ట్రస్టుకి రాశారు. ఇద్దరిని పంపారు.

పళ్ళన్నీ తీసే ఆపరేషను ఆగిపోయింది. కానీ చీము ఆగలేదు. ఆ రెండు దంతాలూ తియ్యక తప్పదన్నాడు డాక్టరు. జ్వరం నూట మూడు దాటింది. ఆస్పత్రిలో సత్యవేణి గవర్రాజు ఎదురుగా కుర్చీ వేసుకుని, బొమ్మ గీసి చూపించింది. రెండు పళ్ళు, వేళ్ళతో లెక్క. అడిగింది. అతను రాయిలాగ బిగుసుకున్నాడు. ఆమె ఆగింది. మళ్ళీ అడిగింది. పావుగంట ఆగింది. అతను ఆమె చేతిలో కాగితం లాక్కుని ఉండలా నలిపి కింద పారేశాడు.

"ఒద్దంటున్నాడండీ" అని చెప్పింది డాక్టరుతో.

"తియ్యకపోతే చీము రక్తంలోకి ఎక్కుతుందమ్మా."

"తియ్యండి. కానీ ఒప్పుకున్నాడని రాయకండి. ఒద్దన్నాడు, అయినా తీశామని రాయండి."

డాక్టరు అలాగే రాశాడు. గవర్రాజుకి మత్తు సూది వేసేటప్పుడు భుజాలు పట్టుకున్నది సత్యవేణే. కళ్ళు మూతపడేదాకా అతను ఆమెకేసే చూశాడు.

ఇంటికి తెచ్చాక వాపు తగ్గింది, జ్వరం తగ్గింది. కానీ సత్యవేణి గదిలోకొస్తే గోడవైపు తిరిగేవాడు. అన్నం కలిపి ముద్ద పెట్టబోతే కంచం తోసేసేవాడు. బ్రష్షు చూపిస్తే దవడ బిగించేవాడు. ఇన్నేళ్ళలో ఆమె అతని ఏడుపు చూసింది, మూర్ఛ చూసింది, కోపం మాత్రం తన మీద ఎప్పుడూ చూడలేదు. ఉండే ఉంటుంది. ఎన్నో సాయంత్రాలు ఆమె ముందు రాయిలా కూచుని కోప్పడే ఉంటాడు. ఆమె చొక్కా మార్చేసి వెళ్ళిపోయి ఉంటుంది.

రెండోవారం, వేరేవాళ్ళని చూసుకోమని దైవసహాయం గారు అంటే, ఆమె కాదంది. పొద్దున్న వచ్చి, అతని గుమ్మం దగ్గర నిలబడి, "రాజూ, లోపలికి రానా?" అని అడిగేది. అతను గోడవైపు తిరిగేవాడు. ఆమె వచ్చేది కాదు.

అన్నం మంగతాయారు పెట్టేది. ఒకరోజు బ్రష్షు కూడా ఆమే పట్టుకుపోయింది. దాని మీద పేస్టు ఎక్కువ వేసింది. సగం నేలమీద పడింది. గవర్రాజు మెల్లగా ముందుకీ వెనక్కీ ఊగాడు. పైపెదవి ఎత్తాడు. మంగతాయారు నాలుగు పళ్ళు తోమి, చేతులు నొప్పెట్టి ఆపేసింది.

"మిగతావి రేపు" అని అతనితో చెప్పి, గుమ్మంలో ఉన్న సత్యవేణికేసి తిరిగింది. "ఆడికి నీమీద కోపం."

"తెలుసండీ."

"నన్ను రానిత్తాడు. నిన్ను రానివ్వడు."

"ఊ."

మంగతాయారు ఆలోచించింది. మంచం కింద ఉన్న చిన్న పీట కాలితో బయటికి జరిపి, గుమ్మం బయటికి, వరండాలోకి తోసింది. "అక్కడ కూచో. లోపలికి కాదు. అక్కడే."

సత్యవేణి మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా పీట మీద కూచుంది. లోపల పళ్ళాలు కడగాల్సి ఉంది, మందులు పంచాల్సి ఉంది, హాల్లో ఎవరో పిలుస్తున్నారు. కొత్తగా వచ్చిన ఆయా అటు పరిగెత్తింది. సత్యవేణి లేవలేదు. గవర్రాజు ఒకసారి తల తిప్పి ఆమె ఎక్కడుందో చూసుకున్నాడు. మళ్ళీ గోడవైపు తిరిగిపోయాడు.